ముందు సీటు

బియ్యం బస్తాలు రెండు తెప్పించి కారు డిక్కీలో వేయమన్నందుకు జయమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

కుప్పంలో మా తమ్ముడు దేవరాజులు కాపురముంటున్న ఇంటి ఓనరమ్మ ఆమె. లోపలి గదిలో తమ్ముడి భార్య సుశీలమ్మ కాళ్ల కింద దిండ్లు పెట్టుకుని కదలకుండా పడుకుని ఉంది. తెల్లవారినప్పటి నుంచి చీరకు రక్తం మరక అంటుతోంది. ట్రంకు కాల్ అందుకుని మదనపల్లె నుంచి పరిగెత్తుకొచ్చిన బావను నేను, మనిషి ఎలా ఉందని అడగకముందే ఇంట్లో బియ్యం ఎంత ఉన్నాయని అడుగుతున్నాను.

“ఏమప్పా, ఆడమనిషిని తీసకపోను వచ్చినావా, బియ్యం తీసకపోను వచ్చినావా?” అంది జయమ్మ.

వివరంగా చెప్పే ఓపిక నాకు లేదు. చింతపండు వ్యాపారంలో తల నెరిసినవాణ్ణి. దేన్ని చూసినా దాని బరువెంత, ఆ బరువు ఎక్కడ పడుతుంది అని లెక్క వేసుకోవడం అలవాటైపోయింది. ఆ పొద్దు నాకున్న లెక్క ఒక్కటే. కారు కుదపకూడదు.

అది పొద్దున వచ్చి చూసిన నర్సమ్మ చెప్పిపోయిన మాట. నెలలు నిండలేదు, గర్భసంచి మూతికి వేసిన కుట్టు ఇంకా పట్టుకునే ఉంది, పడుకోబెట్టి కుదుపు లేకుండా ఆ కుట్టు వేసిన డాక్టరమ్మ దగ్గరికే చేర్చండి అని చెప్పిందట. ఆ డాక్టరమ్మ మదనపల్లెలో ఉంది. జయమ్మ బెంగుళూరు రైలెక్కించమంది. సుశీలమ్మ ఒప్పుకోలేదు. ఇదివరకు రెండు కాన్పులు చేతికందకుండా పోయాయి. మూడోసారి కడుపును ఇంతదాకా నిలబెట్టింది ఆ డాక్టరమ్మ చేయి. ఇంకో చేయి తనను తాకకూడదని ఆమె పట్టు.

మొగుడు ఊళ్లో లేడు. దేవరాజులు చింతపండు లారీ వెంట సేలం పోయాడు. కబురు పంపారు గాని అది ఎప్పుడు అందుతుందో ఎవరికీ తెలియదు.

ఇక కారు సంగతి. మా అంబాసిడర్ కొన్నప్పుడు ఇలా ఉండేది కాదు. పోయిన చింతపండు కాలంలో లారీ దొరకలేదని, వెనక సీటు తీసేసి బస్తాలు తోలేందుకు దేవరాజులు పుంగనూరులో గౌస్ షెడ్డుకు తీసుకుపోయి బరువు మోసే వెనక కమాన్లకు అదనంగా ఇనుప పట్టీలు వేయించాడు. కాలం అయ్యాక సీటు మళ్లీ బిగించాం గాని పట్టీలు అలాగే ఉండిపోయాయి. నిండా బస్తాలుంటే అది రాజులా నడుస్తుంది. ఖాళీగా ఉంటే తోక పైకెత్తి, చిన్న గుంత తగిలినా గాడిదలా తంతుంది. కమాను బరువుకు వంగితేనే మెత్తన. వంచే బరువు లేకపోతే అది ఇనుప దిమ్మె.

పొద్దున మదనపల్లె నుంచి ఆ ఖాళీ బండిలో వచ్చి మా నడుములు పట్టేశాయి. కడుపుతో ఉన్నదాన్ని అలా తీసుకుపోవడం జరగని పని. అందుకే బియ్యం.

మా ఇంట్లో ఎన్నో ఏళ్లుగా బండి తోలుతున్న బాబు సాహెబ్ బస్తాలు రెండూ డిక్కీలో వేయించి, వెనక బంపరు మీద మోకాలు పెట్టి నొక్కి చూశాడు. బండి దిగి లేచింది. మెత్తబడింది అన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు ఊపిరి వచ్చింది.

అంతసేపూ మా అక్క చెంగమ్మ కారు దిగలేదు.

ఆమె ఎందుకు దిగలేదో సుశీలమ్మకు తెలుసు, నాకు తెలుసు. రెండో కాన్పు పోయినప్పుడు పలకరింపుకు వచ్చిన నలుగురి ఎదుట మా అక్క ఒక మాట అంది. ఆ కడుపు నిలిచే కడుపు కాదు అంది. ఆ నెల తిరక్కుండానే దేవరాజులు పెళ్లాన్ని తీసుకుని కుప్పం వచ్చేశాడు. ఆనాటి నుంచి వదినా మరదళ్ల మధ్య మాటల్లేవు. ఈ పొద్దు ట్రంకు కాల్ వచ్చినప్పుడు మా అక్కను నేను రమ్మనలేదు. నేను చొక్కా తొడుక్కుని వచ్చేసరికి ఆమె కారులో కూర్చుని ఉంది.

సుశీలమ్మను దుప్పట్లో పడుకోబెట్టి నలుగురం మోసుకొచ్చాం. జయమ్మ తానే తోడు వచ్చేదట గాని కదల్లేని మామను ఇంట్లో పెట్టుకుని ఎలా వస్తుంది? వెనక తలుపు తీసేసరికి మా అక్క ఆ చివరకు జరిగి చీర సర్దుకుని ఒడి చూపింది.

“తల ఈడ పెట్టండి.”

సుశీలమ్మ కళ్లు మూసుకుంది. వద్దనలేదు. తల మా అక్క ఒళ్లో, కాళ్లు రెండో తలుపు వైపు. నేను ముందు సీట్లో బాబు సాహెబ్ పక్కన కూర్చున్నాను. తమ్ముడి పెళ్లాం పడుకుని ఉన్న చోటికి బావ తల తిప్పి చూడకూడదు. అద్దంలో కూడా చూడకూడదని నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

వెంకటగిరికోట దాటాం.

బండి మెత్తగానే పోతోంది. గుంత వచ్చినప్పుడు వెనక ఉన్నవాళ్లు ఊయల్లో ఊగినట్టు ఊగుతున్నారు గాని దెబ్బ తగలడం లేదు. నా లెక్క కుదిరిందని లోలోపల సంతోషపడ్డాను. అప్పుడు బాబు సాహెబ్ చేతులు చూశాను.

స్టీరింగు మీద ఆయన చేతులు నిలకడగా లేవు. తిన్నని రోడ్డు మీద కూడా అటు కొంచెం, ఇటు కొంచెం తిప్పుతున్నాడు. వాన తుంపర మొదలైంది. ఏమైందని మెల్లగా అడిగాను. వెనకవాళ్లకు వినబడకుండా చెప్పాడు.

“తేలతాండాదప్పా.”

“ఏంది తేలేది?”

“ముందు సక్రాలు. నేను తిప్పినాక కొంచేపటికి గాని బండి ఇనుకోదు.”

నెమ్మదిగా పొమ్మన్నాను. నెమ్మదిగానే పోతున్నానన్నాడు. అంతకన్నా నెమ్మదిగా పోతే ఆసుపత్రి చేరేదెప్పుడు అన్నాడు.

పలమనేరు అడవిలో రోడ్డు వంకర్లు తిరిగేచోట అది జరిగింది. ఎడమకు మలుపు. రోడ్డంతా తడి. బాబు సాహెబ్ మలుపుకు ముందే స్టీరింగు తిప్పాడు. చక్రాలు తిరిగాయి. బండి తిరగలేదు. ముక్కు నేరుగా పెట్టుకుని కుడివైపు అంచుకు పోతూనే ఉంది. ఎదురుగా కొయ్యదుంగల లారీ హారన్ మోగిస్తూ వస్తోంది. నా కాళ్లు వాటంతట అవే నేలను తన్నాయి, అక్కడ బ్రేకు ఉన్నట్టు. బాబు సాహెబ్ బ్రేకు తొక్కలేదు. కాలు పూర్తిగా ఎత్తేశాడు. ముక్కు కొంచెం వాలింది, చక్రాలు రోడ్డును పట్టుకున్నాయి, ఈసారి వెనక భాగం ఊగి పక్కకు జారింది. లారీ మమ్మల్ని రాసుకున్నట్టే పోయింది. బండి అడ్డంగా మట్టిలోకి దిగి నిలబడింది.

వెనక నుంచి ఒక మూలుగు వినబడింది. నేను తిరిగి చూశాను. బావనన్న సంగతి అప్పుడు గుర్తు లేదు.

మా అక్క రెండు చేతులతో సుశీలమ్మ భుజాలను తన పొట్టకు అదుముకుని ఉంది. సుశీలమ్మ సీటు అంచు దాకా జారి ఉంది. ఇంకొంచెమైతే సీటు కిందికి దొర్లేది.

“యాడన్నా తగిలిందా?” అని అడిగాను.

లేదన్నట్టు సుశీలమ్మ తల ఊపింది. ఎవరి ముఖమూ చూడలేదు.

బాబు సాహెబ్ దిగి వానలోనే నాలుగు పక్కలా తిరిగి చూశాడు. నేనూ దిగాను. దూరంగా నిలబడి చూస్తే అప్పుడు తెలిసింది. కారు కూర్చున్న కుక్కలా ఉంది. వెనక కుంగి, ముందు ముక్కు పైకెత్తి ఉంది.

ఇది నాకు తెలియనిదేమీ కాదు. మా నాయన కాలంలో చింతపండు ఎద్దుల బండ్లలోనే తోలేవాళ్లం. బండిలో బరువు వెనక్కి ఎక్కువైతే కాడి లేస్తుంది. మెడ మీద బరువు లేని ఎద్దు ఎటు లాగినా బండి వినదు, మెడతాడు గొంతుకు బిగుసుకుంటుంది. అందుకే బస్తాలను ఇరుసుకు కొంచెం ముందుకు పేర్చేవాళ్లం. అంత తెలిసినవాణ్ణి, కారుకు కాడి కనబడదు కాబట్టి మరిచిపోయాను. డిక్కీ ఉన్నది వెనక చక్రాలకూ వెనక. అక్కడ వేసిన ప్రతి మూటా ముందు చక్రాలను పైకి లేపుతోంది.

బస్తాలు ఇక్కడే దించేద్దామా అన్నాను. దించితే మళ్లీ కమాను బిగుసుకుంటుంది, పుంగనూరు దాకా గుంతలే, ఆ దెబ్బలకు కుట్టు నిలుస్తుందా అన్నాడు బాబు సాహెబ్. రోడ్డు పక్క కంకర కుప్పలో రాళ్లు ఏరి ముందు సీటు కింద పెడదామన్నాను. అవి దొర్లి బ్రేకు కిందికి పోతే ఏం చేసేదన్నాడు. పైగా ఉన్న బరువుకే తడి రోడ్డు మీద బ్రేకు అంతంత మాత్రంగా పట్టుతోంది, కొత్త బరువు ఒక్క వీశె కూడా ఎక్కించవద్దన్నాడు.

అంటే బరువు పెంచకూడదు. తగ్గించకూడదు. ఉన్నదాన్నే జరపాలి.

“వెనక సీటుకూ ముందు సీటుకూ మధ్య, కాళ్లు పెట్టుకునే చోట పరిస్తే?” అన్నాను.

బాబు సాహెబ్ తలుపు తీసి లోపల చూశాడు. కొంతసేపు ఆలోచించాడు.

“సరిపోతాదప్పా. ఇరుసుకు ముందు పడతాది. ఆయమ్మ కింద పడకుండా కట్ట మాదిరి కూడా ఉంటాది. అయితే...”

ఆ అయితే ఏమిటో నాకూ కనిపించింది. అక్కడ బస్తాలు పరిస్తే కాళ్లు పెట్టుకోవడానికి చోటుండదు. సీటు మీదే కాళ్లు ముడుచుకుని కూర్చోవాలి. మా అక్కకు మోకాళ్లు వంగవు. పీట మీద కూర్చుని లేవడానికే ఇద్దరు పట్టాలి. మనిషి భారీ. ముడుచుకుని కూర్చోగలిగినవాణ్ణి, సన్నగా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

పట్టుకునే మనిషి లేకుండా సుశీలమ్మను ఒక్కదాన్నే వెనక పడుకోబెట్టలేం. అంటే నేను వెనక్కి పోవాలి. తమ్ముడి పెళ్లాం తల నా ఒళ్లో పెట్టుకోవాలి. మా అక్క ముందుకు రావాలి, బాబు సాహెబ్ పక్కకు.

బరువుల లెక్కకు ఇంతకన్నా మంచి సర్దుబాటు లేదు. మనుషుల లెక్కలోనే అది ఎక్కడా ఇమడదు. మా ఇళ్లలో తమ్ముడి భార్య బావకు ఎదురుపడితే పక్కకు తప్పుకుంటుంది. చేతికి చెంబు కూడా అందించదు, కింద పెడితే తీసుకోవాలి. పెళ్లయినప్పటి నుంచి సుశీలమ్మ నాతో మాట్లాడిన మాటలు దోసిట్లో పడతాయి.

మా అక్కతో ఎలా చెప్పాలో తెలియలేదు. తిప్పి తిప్పి చెప్పాను. ఆమె మధ్యలోనే అర్థం చేసుకుంది.

“డ్రైవరు పక్కన కూర్చోని నేను పుంగనూరు బజార్లో పోవల్లనా?”

“అక్కా, పైట ముసుగేసుకో.”

“ముసుగేసుకుంటే చెంగమ్మ కాదనుకుంటారా? ఈ వొళ్లు సూస్తే తెలీదా? ముండమోసిన దాన్ని. ఇన్నేండ్లు ఒకరి చేత ఏలెత్తి సూపిచ్చుకోలేదు.”

బాబు సాహెబ్ వానలో తడుస్తూ రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. ఎన్నో ఏళ్లు ఆమెను గుడికీ పెళ్లిళ్లకూ తిప్పినవాడు. తల తిప్పకుండానే అన్నాడు.

“అక్కా, నేను రోడ్డు సూసేకే నాకు కండ్లు సాలవు. పక్కకు యాడ సూస్తాను?”

ఇంకోసారైతే మా అక్క నవ్వేది. నవ్వలేదు.

“నువ్వు సూస్తావని కాదు బాబూ. సూసేవోళ్లు సూస్తారని. వాడేమో తమ్ముని పెండ్లాం తల ఒళ్లో పెట్టుకుంటాడంట. రేపు దేవరాజులు వచ్చి అడిగితే ఏం చెప్పాల?”

వాన కారు పైన పడుతోంది. ఒక బస్సు పోయింది, కిటికీల్లో ముఖాలన్నీ మావైపు తిరిగాయి. నిలబడిన ప్రతి నిమిషం ఎవరి ఖాతాలో ఖర్చవుతోందో నాకు తెలుసు. అయినా అక్కను చేయి పట్టుకుని దించలేను. ఆమె చిన్నప్పుడు నన్ను చంకనెత్తుకుని పెంచింది.

అప్పుడు సుశీలమ్మ కళ్లు తెరిచింది. తల మా అక్క ఒళ్లోనే ఉంది. ఆమె ముఖాన్ని కిందనుంచి పైకి చూస్తూ, గొంతు పెంచకుండా అంది.

“నా కడుపు నిలిచే కడుపు కాదని నలుగుర్లో అన్నప్పుడు నీకు సిగ్గు కాలేదు వదినా. ముందు సీట్లో కూర్చునేకి సిగ్గవతాందా?”

మా అక్క ముఖంలో ఏమీ మారలేదు. సుశీలమ్మ తల కింద చేయి పెట్టి, పచ్చికుండను దించినట్టు మెల్లగా సీటు మీదికి దించింది. తలుపు పట్టుకుని ఒక్కతే దిగింది. నేను చేయి అందిస్తే పట్టుకోలేదు. వానలో కారు చుట్టూ తిరిగి ముందు తలుపు దగ్గరికి పోయి, నేను బస్తాలు సర్దేదాకా అక్కడే నిలబడింది.

రెండు బస్తాలనూ సీట్ల మధ్య పక్కపక్కన పరిచాం. నేను వెనక సీటు మూలన మఠం వేసుకుని కూర్చున్నాను. సుశీలమ్మ తల నా తొడ మీదికి వచ్చింది. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందు సీటు వీపును పట్టుకున్నాను.

బాబు సాహెబ్ బండి కదిలించి, మొదటి మలుపు దగ్గర ఊపిరి బిగబట్టాడు. బండి మలుపు తిరిగింది. ఆయన తిప్పినప్పుడే తిరిగింది. రెండో మలుపూ అంతే. కమాను వంగే ఉంది, ముక్కు నేలకు ఆనింది. ఆయన భుజాలు దిగడం వెనకనుంచి నాకు కనిపించింది.

“ఇప్పుడు ఇంటాండాదప్పా,” అన్నాడు.

ఆయన తన తలుపుకు ఎంత అతుక్కుని కూర్చున్నాడంటే ఆయనకూ మా అక్కకూ మధ్య ఇంకో మనిషి పడతాడు. మా అక్క తన తలుపుకు అతుక్కుని ఉంది. పలమనేరులో పైట కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఊరు దాటాక కూడా తీయలేదు.

పుంగనూరు వచ్చేసరికి తుంపర ఆగింది. బాబు సాహెబ్ గౌస్ షెడ్డు ముందు వేగం తగ్గించి నన్ను అడిగాడు. ఆ అదనపు పట్టీలు ఊడదీయిస్తే బస్తాల బాధే ఉండదు కదా అని. ఎంతసేపు పడుతుందంటే సాయంత్రమవుతుందన్నాడు. పోనిమ్మన్నాను.

బజార్లో గొర్రెల మంద అడ్డం వచ్చి బండి ఆగిపోయింది. మా అక్క దేనికి భయపడిందో సరిగ్గా అదే అక్కడ జరిగింది. చింతపండు దంచే కూలీలకు మేస్త్రిగా ఉండే సుబ్బలక్ష్మమ్మ అంగడి మెట్ల మీద కూర్చుని ఉంది. ఆమె నోరు మాకందరికీ తెలుసు. లేచి వచ్చి కిటికీలోకి వంగింది.

“ఎవురో కొత్త పెండ్లికూతురనుకుంటి. నువ్వా చెంగమ్మా? ముందు సీటెక్కినావే?”

మెట్ల మీదున్న ఆడవాళ్లు నవ్వారు. బాబు సాహెబ్ స్టీరింగు వైపు తల వంచుకున్నాడు. మా అక్క కొంగు ముఖం మీది నుంచి తీసేసింది.

“ఎనక మా పిల్ల పడుకోనుండాది. కడుపుతో ఉండాది,” అంది. “నోరు తర్వాత ఆడిస్తువు. ముందు ఆ గొర్రెల్ని తోలు.”

సుబ్బలక్ష్మమ్మ వెనక్కి చూసింది. నన్ను చూసింది, నా ఒళ్లో తలను చూసింది. మరో మాట లేకుండా కొంగు నడుముకు చెక్కి గొర్రెల్ని అదిలించుకుంటూ పోయింది.

నా తొడ మీద తడి తగిలింది. సుశీలమ్మ ఏడుస్తోంది. మా పిల్ల అన్న మాటకో, నొప్పికో తెలియలేదు. మా అక్క కూడా వెనక్కి తిరగలేదు. అన్న మాటను అక్కడే వదిలేసి రోడ్డు చూస్తూ కూర్చుంది.

పుంగనూరు దాటాక కారు నీళ్ల మీద పోయినట్టు పోయింది. గుంతలు కళ్లకు కనిపిస్తున్నాయి గాని ఒంటికి తెలియడం లేదు. ఇంకెంత దూరమని లెక్క కట్టుకున్నాను. డాక్టరమ్మ ఆసుపత్రిలో ఉంటుందా, భోజనానికి పోయి ఉంటుందా, స్ట్రెచరు వాకిట్లోకి తెస్తారా అని ఒక్కొక్కటే సర్దుకుంటున్నాను. నా చేతిలో ఉన్నవన్నీ చేశాననుకున్నాను.

“బావా,” అంది సుశీలమ్మ.

ముందు సీటుకు వినబడనంత మెల్లగా అంది. నేను వంగాను.

“పొద్దున కుప్పంలో కార్లోకి ఎత్తినప్పుడు కడుపులో బాగా తన్నింది. కోటకాడ గుంతల్లో ఊగినప్పుడూ తన్నింది. ఆ లారీకాడ జారినప్పుడు గట్టిగా తన్నింది. నొప్పిగా ఉన్నా, ఉండాదిలే అని ధైర్యంగా ఉన్నింది.”

“ఊ.”

“మూటలు మార్చినాక తన్నలేదు బావా.”

బండి మెత్తగా పోతోంది కదా, ఊయల్లో మాదిరి నిద్రపోతూ ఉంటుంది అన్నాను. ఆ మాట నా చెవికే తేలిగ్గా వినిపించింది.

“నేనూ అట్లనే అనుకుంటాండా. పలమనేరు కాడ్నించి అట్లనే అనుకుంటాండా.” పెదవులు తడుపుకుంది. “పొట్ట మీద చెయ్యి పెట్టి తట్టినా. కదల్లా. మళ్లీ తట్టే ధైర్యం ల్యా.”

ఆమె రెండు చేతులూ పొట్టకు అటూ ఇటూ ఉన్నాయి, తాకీ తాకనట్టు. ఆ చేతుల వైపు చూశాను గాని నాకేం తెలుస్తుంది? పండు పుచ్చో మేలో పైనుంచి చెప్పగలను. మూట ఎత్తి చూసి తడి ఎంతో చెప్పగలను. అక్కడ నా కంటికి గుడ్డ తప్ప ఏమీ కనబడలేదు.

“ఒక్క గుంతలో దించమని చెప్పు బావా.”

నేను సరిగ్గా వినలేదనుకున్నాను.

“ఒక్కదాంట్లో. గట్టిగా వద్దు. అది లేస్తాదేమో సూస్తా. లేకుంటే ఆసుపత్రి దాకా నేనిట్ల పోలేను.”

కుదుపు తగలకూడదనే కదా పొద్దున్నుంచి ఇంత పాట్లు పడ్డాం. కుట్టు ఏ దారం మీద నిలిచి ఉందో ఎవరికీ తెలియదు. ఒక్క దెబ్బకు అది తెగితే ఆ పాపం ఎవరిది? దించొద్దంటే, మదనపల్లె దాకా ఈ తల్లి బిడ్డ ఉందో లేదో తెలియకుండా నా ఒళ్లో ఇలాగే పడుకుని ఉండాలి. బరువు ఇటు పెట్టినా మునుగుతుంది, అటు పెట్టినా మునుగుతుంది. ఏ వైపూ చేయి వేయలేక కూర్చున్నాను.

“ఏమంటాండాది పిల్ల?” అంది మా అక్క.

ఈసారి ఆమె వెనక్కి తిరిగింది. మోకాళ్లు సహకరించకపోయినా సీటు వీపు పట్టుకుని మొత్తం తిరిగింది. సుశీలమ్మ ముఖం చూసింది, ఆ తర్వాత నా ముఖం చూసింది. ఆమె కళ్లలో ఏదో అర్థమై, అర్థం కావొద్దని కోరుకుంటున్నట్టుంది.

“అప్పా,” అన్నాడు బాబు సాహెబ్ రోడ్డు మీదినుంచి చూపు తీయకుండా. “ముందర మోరీకాడ రోడ్డు తెగుండాది. ఎడమ పక్క మట్టిలో దించి మెల్లగా తప్పిస్తా. సరేనా?”

కల్వర్టు దగ్గర తెగిన చోటు నాకూ కనిపిస్తోంది. నీళ్లు నిలిచి ఎర్రగా మెరుస్తోంది.

సుశీలమ్మ చేయి పైకి వచ్చి నా వేలును పట్టుకుంది.

“చెప్పు బావా,” అంది.